తొలగించే ముందు చూపించండి



ఇంతవరకు మీరు ఫైలును తయారుచేయడం, దానికి పేరు పెట్టడం, తగిన డైరెక్టరీలో భద్రపరచడం నేర్చుకున్నారు. ఇక ఫైళ్లను, డైరెక్టరీలను ప్రోగ్రాము ద్వారా తొలగించడం మిగిలింది. చాలా పుస్తకాలు ఈ విషయానికి అర పేజీ మాత్రమే కేటాయిస్తాయి. ఒక్క వరుస ఆదేశమే కదా, ఇందులో చెప్పవలసింది ఏముంది అన్నది వాటి ధోరణి. నా అభిప్రాయం వేరు. ప్రోగ్రాము రాసేవారి బాధ్యత అన్నిటికంటే ఎక్కువగా తెలిసేది ఈ ఒక్క వరుసలోనే. ఎందుకో చూద్దాం.

దక్షిణ ఢిల్లీలో ఐఐటీకి దగ్గరగా జియా సరాయ్ అనే చోటు ఉంది. పేరుకు పల్లె, కాని చుట్టూ నగరం పెరిగిపోయింది. ఇరుకు సందులు, పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, పాత ప్రశ్నపత్రాలు అమ్మే పుస్తకాల కొట్లు, జిరాక్సు దుకాణాలు. మన తెలుగు విద్యార్థులు కూడా అక్కడ కనిపిస్తూ ఉంటారు. అటువంటి ఒక జిరాక్సు దుకాణంలో ఒకసారి నా వంతు కోసం నిలబడ్డాను. కంప్యూటరు తెర నిండా ఎవరెవరివో కాగితాలు: మార్కుల జాబితాలు, గుర్తింపు కార్డులు, సంతకాల స్కాన్లు. ఇవన్నీ ఇలా ఎందుకు వదిలేశారని పనిచేసే అబ్బాయిని అడిగాను. పూర్వం రోజూ రాత్రి ఆ డైరెక్టరీని ఖాళీ చేసే చిన్న ప్రోగ్రాము ఉండేదట. ఒక రాత్రి అది, మరునాడు ముద్రించి బైండు చేయవలసిన ఒక విద్యార్థి ప్రాజెక్టు నివేదికను కూడా తుడిచేసిందట. అంతటితో భయపడి, తొలగించడమే మానేశారట.

ఇక్కడ ఆగి ఆలోచించండి. ఆ దుకాణంలో జరిగిన తప్పులు ఎన్ని? ఒకటి కాదు, రెండు. ఉండవలసిన నివేదికను తుడవడం మొదటి తప్పు. ఉండకూడని ఇతరుల కాగితాలను అలాగే ఉంచడం రెండవ తప్పు. అవసరం తీరిన తరువాత వ్యక్తిగత సమాచారాన్ని తొలగించాలనే సూత్రం 2023లో మన పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టంలో కూడా ఉంది. కాబట్టి, ప్రమాదం ఉంది గనుక తొలగించవద్దు అని నేను చెప్పడం లేదు. కలుపు తీయకుండా పొలం ఉండదు. కాని కలుపు తీసే చేతికి మొలకను గుర్తుపట్టడం తెలియాలి.

పెద్ద సంస్థలలో ఇటువంటి పొరపాట్లు జరగవని అనుకోకండి. 1998లో పిక్సార్ సంస్థ టాయ్ స్టోరీ 2 చిత్రాన్ని తయారుచేస్తుండగా, ఒక తొలగింపు ఆదేశం వల్ల చిత్రానికి సంబంధించిన ఫైళ్లలో చాలా భాగం పోయింది. భద్రపరచిన నకళ్లు కూడా సరిగా పనిచేయలేదు. గేలిన్ సస్మన్ అనే సాంకేతిక నిర్దేశకురాలు పసిబిడ్డ కారణంగా ఇంటి నుండి పనిచేస్తూ ఇంట్లో ఒక నకలు ఉంచుకున్నారు. చిత్రాన్ని కాపాడింది అదే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఉద్యోగి, రెండవ సర్వరులో ఉన్నాననుకొని ప్రధాన సర్వరులోని డైరెక్టరీని తొలగించాడు. ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మాత్రమే మిగిలాయి.

మన పాఠానికి మరింత దగ్గరి ఉదాహరణ 2015 నాటిది. లినక్సు కోసం రాసిన స్టీమ్ ప్రోగ్రాములో, ఒక చలరాశిలో ఉన్న డైరెక్టరీ పేరు తీసుకొని, దాని కింద ఉన్నవన్నీ తుడవమనే వరుస ఉండేది. కొన్ని పరిస్థితులలో ఆ చలరాశి ఖాళీగా ఉండిపోయింది. పేరు లేకపోవడంతో మిగిలింది మూల డైరెక్టరీ గుర్తు ఒక్కటే. దానితో వినియోగదారుడి ఫైళ్లన్నీ పోయాయి. ప్రోగ్రాము తనకు చెప్పినట్లే చేసింది. ఏం చెబుతున్నామో మనిషే సరిచూసుకోలేదు.

ఇప్పుడు వేర్వేరు ఆపరేటింగ్ సిస్టములలో తొలగింపు ఎలా జరుగుతుందో చూద్దాం. పైథాన్ వంటి భాషలో మీరు రాసే ఆదేశం విండోసులోను లినక్సులోను ఒకటే. ఫైలుకు రిమూవ్, ఖాళీ డైరెక్టరీకి ఆర్‌ఎమ్‌డిర్, లోపలి వాటితో సహా మొత్తం తీసివేయడానికి ఆర్‌ఎమ్‌ట్రీ. ఆదేశం ఒకటే కదా అని ఫలితం కూడా ఒకటే అనుకోవడం పొరపాటు. ఈ తేడాలు గమనించండి.

ఒకటి: వేరొక ప్రోగ్రాము తెరచి ఉంచిన ఫైలును తొలగించబోతే విండోసు సాధారణంగా ఒప్పుకోదు, దోషం చూపుతుంది. లినక్సు ఒప్పుకుంటుంది. పేరు మాయమవుతుంది. తెరచిన ప్రోగ్రాము మూసేవరకు లోపలి సమాచారం మాత్రం ఉంటుంది.

రెండు: చదవడానికి మాత్రమే అని గుర్తు పెట్టిన ఫైలును విండోసులో నేరుగా తొలగించలేరు. లినక్సు ఫైలు అనుమతిని కాక, ఆ ఫైలు ఉన్న డైరెక్టరీలో రాయడానికి మీకు అనుమతి ఉందా అని చూస్తుంది. కాబట్టి ఫైలుకు తాళం వేశాను, ఇక భయం లేదు అనుకున్నవారు లినక్సులో మోసపోతారు.

మూడు: ఆంగ్లంలో పెద్ద అక్షరాలతో రాసిన పేరు, చిన్న అక్షరాలతో రాసిన పేరు లినక్సుకు వేర్వేరు. విండోసుకు మామూలుగా రెండూ ఒకటే. ఒక చోట సరిగా పనిచేసిన ప్రోగ్రాము మరొక చోట వేరే ఫైలును పట్టుకోవచ్చు, లేదా అసలు ఏదీ దొరకలేదనవచ్చు.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యమైనది: 1984 నాటి మెకింటాష్‌లో చెత్తబుట్ట బొమ్మ, విండోసు 95లో రీసైకిల్ బిన్ మీరు వినే ఉంటారు. తెర మీద మౌసుతో తొలగిస్తే ఫైలు అందులోకి వెళుతుంది, తిరిగి తీసుకోవచ్చు. కాని పైన చెప్పిన పైథాన్ ఆదేశాలు ఏ సిస్టములోను బుట్టలో వేయవు. చేతితో చేసినప్పుడు దొరికే రెండవ అవకాశం ప్రోగ్రాము రాసినప్పుడు దొరకదు. ఆ అవకాశాన్ని మీరే కల్పించాలి.

దీనికి కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. నిజంగా తొలగించాలా, అవునా కాదా అని ఒక ప్రశ్న వేస్తే సరిపోతుంది కదా అంటారు. ఎం.ఎస్. డాస్ కూడా డైరెక్టరీలోని ఫైళ్లన్నీ తుడవమంటే ఆ ప్రశ్న వేసేది. అయితే రోజుకు పది సార్లు అదే ప్రశ్న ఎదురైతే మనిషి చదవడం మానేసి అవును నొక్కుతాడు. సంతకం పెట్టవలసిన కట్టలు రోజూ ఎక్కువైతే అధికారి చదవకుండా సంతకం పెట్టడం మనకు తెలిసినదే. అందుచేత ఉత్త ప్రశ్న చాలదు. ఏ డైరెక్టరీ, ఎన్ని ఫైళ్లు, వాటి పేర్లు ఏమిటి అనే జాబితా చూపి, ఆ తరువాత అడగాలి.

మరొక అభ్యంతరం ఇంతకంటే బలమైనది. అర్ధరాత్రి దానంతట అదే నడిచే ప్రోగ్రాము ఎవరిని అడుగుతుంది? నిజమే, అడగడానికి అక్కడ మనిషి ఉండడు. అప్పుడు ప్రోగ్రాముకు హద్దులు పెట్టాలి. జియా సరాయ్ దుకాణానికే ఈ పని చేసిపెట్టమని మిమ్మల్ని అడిగారనుకోండి. నేనైతే ఇలా చేయమంటాను.

మొదట, డైరెక్టరీ పేరు ఖాళీగా ఉంటే ప్రోగ్రాము ఒక్క అడుగు కూడా వేయకుండా ఆగిపోవాలి. ఆ పేరు దుకాణం కోసం నిర్ణయించిన డైరెక్టరీకి వెలుపల ఉన్నా ఆగిపోవాలి. రెండవది, బైండింగు కోసం ఉంచిన పనులకు వేరే డైరెక్టరీ ఏర్పాటు చేసి, ప్రోగ్రాము దాని జోలికి పోకుండా చూడాలి. మూడవది, మిగిలిన వాటిని వెంటనే తుడవకుండా, తేదీ పేరుతో ఉన్న మరొక డైరెక్టరీలోకి మార్చాలి. ఎవరూ వచ్చి అడగకపోతే మూడు రోజుల తరువాత అక్కడి నుండి తొలగించాలి. నాలుగవది, ఏమి మార్చింది, ఏమి తొలగించింది, దేనిని తొలగించలేకపోయింది ఒక పట్టికలో రాయాలి. దోషం వస్తే దాచిపెట్టి ముందుకు పోకూడదు.

ఇన్ని వరుసలు రాస్తే ప్రోగ్రాము పెద్దదవుతుందని, పని ఆలస్యమవుతుందని మీరు అనవచ్చు. అవుతుంది. ఐతే ఆ ఆలస్యం కొన్ని క్షణాలు. పోయిన నివేదిక ఒక విద్యార్థికి ఒక సంవత్సరం కావచ్చు. ఖాళీ డైరెక్టరీని మాత్రమే తీసివేసే ఆర్‌ఎమ్‌డిర్‌ను గమనించండి. లోపల ఏదైనా ఉంటే అది పని చేయనంటుంది. ఆ మొండితనం లోపం కాదు, రక్షణ. మీరు రాసే ప్రోగ్రాముకు కూడా అటువంటి మొండితనం నేర్పండి.

చివరగా ఒక మాట. తొలగించడం అంటే చాలా సందర్భాలలో పేరును జాబితా నుండి కొట్టివేయడమే. లోపలి సమాచారం మీద మరొకటి రాసేవరకు, నేర్పు ఉన్నవారు కొంత తిరిగి రాబట్టగలరు. అందువల్ల పాత కంప్యూటరును అమ్మేటప్పుడు ఫైళ్లు తొలగించాం, చాలు అనుకోకండి. అట్లాగే, పొరపాటున తుడిచినప్పుడు రాబట్టవచ్చులే అని ధీమాగా కూడా ఉండకండి. ఈ రెండు నమ్మకాలూ నష్టం చేస్తాయి.

ఆలోచించండి: మీ ఊరి మీ సేవ కేంద్రంలోనో, నెట్ సెంటరులోనో మీరు చివరిసారి ఇచ్చిన కాగితాల నకలు ఇప్పుడు ఎక్కడ ఉంది? దానిని ఎవరు, ఎప్పుడు తొలగించాలి? ఆ పనికి మీరే ప్రోగ్రాము రాస్తే, అది దేనిని తొలగించకూడదో ముందుగా ఐదు వాక్యాలలో రాయండి. ఆ తరువాతే ఆదేశం రాయడం మొదలుపెట్టండి.