డిజైన్ అని పేరు లేని డిజైన్ కొలువులు

1923 వేసవిలో వాల్ట్ డిస్నీ కాన్సాస్ సిటీలో లాస్ ఏంజెలెస్ రైలెక్కాడు. ప్రకటనలకు బొమ్మలు గీసే కొలువు చేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్న లాఫ్-ఓ-గ్రామ్ స్టూడియో అప్పటికి దివాలా తీసింది. అమెరికా మిడ్‌వెస్ట్‌లో బొమ్మలు బాగా గీసే ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఈ కథే వినిపిస్తారు. పైకి రావాలంటే తీరం చేరాలని దాని సారం. అదే ఊళ్లో అంతకు పదమూడేళ్ల ముందు, 1910 జనవరిలో, నెబ్రాస్కా నుంచి జాయిస్ హాల్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు దిగాడు. చేతిలో రెండు బూట్ల అట్టపెట్టెలు, వాటి నిండా పోస్టుకార్డులు. అతను ఊరు వదల్లేదు. అతను పెట్టిన హాల్‌మార్క్ కంపెనీ చిత్రకారులకు, అక్షరాలు దిద్దేవాళ్లకు, రెండు వాక్యాల్లో కళ్లు చెమర్చేలా రాయగలిగినవాళ్లకు తరాల పాటు నెలజీతం ఇచ్చింది.

ఈ రెండో కథను తక్కువమంది చెప్పుకుంటారు. కానీ మిడ్‌వెస్ట్‌లో పని వెతుక్కునే డిజైనర్‌కు పనికొచ్చేది ఇదే.

కాన్సాస్ సిటీ, సిన్సినాటి, మిల్వాకీ, గ్రాండ్ రాపిడ్స్, కొలంబస్, డి మోయిన్ లాంటి నగరాల్లో సృజనాత్మకమైన పని దొరకదని నిరాశపడేవాళ్లు వెతికే పద్ధతిలోనే పొరబడుతున్నారని నా అభిప్రాయం. న్యూయార్క్‌లో వెతికినట్టు డిజైన్ స్టూడియోల జాబితా ముందేసుకుంటే అది ఒక్క పూటలో అయిపోతుంది. ఇక్కడి పని వస్తువుల వెనక దాగి ఉంటుంది. ఆ ఊరు ఏం తయారు చేస్తుందో, ఏం అమ్ముతుందో తెలుసుకుని అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి. కొలంబస్ చుట్టుపక్కల అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్, బాత్ అండ్ బాడీ వర్క్స్ లాంటి దుకాణాల కంపెనీల ప్రధాన కార్యాలయాలున్నాయి. అక్కడ షోరూమ్ లోపలి అమరిక, సీసా మీది లేబుల్, పండగ సీజన్ గాజు అద్దాల అలంకరణ, అన్నీ డిజైన్ పనులే. ఉద్యోగ ప్రకటనలో మాత్రం ఆ మాట కనిపించకపోవచ్చు. ప్యాకేజింగ్ అనో, మర్చండైజింగ్ అనో ఉంటుంది.

ఈ సంగతి బాగా అర్థమయ్యేది సిన్సినాటిలో. 1837లో కొవ్వొత్తులు, సబ్బులు చేసే దుకాణంగా మొదలైన ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ఆ ఊరిది. దాన్ని ఆనుకుని అట్టపెట్టెలకూ బ్రాండ్లకూ రూపం ఇచ్చే ఎల్‌పీకే లాంటి సంస్థలు పెరిగాయి. డిటర్జెంట్ సీసా అంటే చిన్నచూపు చూసేవాళ్లుంటారు. కాస్త ఆలోచించండి. మూత తడిచేత్తో తిప్పినా జారకూడదు. అరలో ఇరవై సీసాల మధ్య ఉన్నా నడిచి వెళ్లే మనిషి కంటికి ఆనాలి. లక్షల సీసాల మీద ఎరుపు ఒకే ఎరుపుగా అచ్చవ్వాలి. చదువురాని ముసలమ్మకు కూడా ఏది బట్టల సబ్బో, ఏది గిన్నెల సబ్బో తెలియాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య అందాన్ని నిలబెట్టడం కష్టమైన కళ. గ్యాలరీ గోడ మీది పోస్టర్‌కు ఇందులో సగం పరీక్షలు కూడా ఉండవు.

ఆ ఊరికి ఇంకో ఆస్తి ఉంది. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 1906లో హెర్మన్ ష్నైడర్ అనే ఇంజనీరింగ్ ఆచార్యుడు 27 మంది విద్యార్థులతో కో-ఆప్ పద్ధతి మొదలుపెట్టాడు. కొంతకాలం తరగతి గది, కొంతకాలం ఫ్యాక్టరీలో జీతానికి పని, మళ్లీ తరగతి గది. ఇప్పుడు అక్కడి డిజైన్ విద్యార్థులూ అదే దారిలో ఐదేళ్లు చదువుతారు. పట్టా చేతికొచ్చేసరికి నిజమైన ఆఫీసుల్లో నిజమైన గడువుల మధ్య చేసిన పని చూపించుకోగలుగుతారు. లోగోలకు పేరుపడ్డ డిజైనర్ మైకేల్ బీరూట్ ఇక్కడే చదివి 1980లో న్యూయార్క్ వెళ్లిపోయాడు. వెళ్లడం తప్పేమీ కాదు. వెళ్లడమే మార్గమని నమ్మించడం తప్పు.

మిషిగన్ పడమటి వైపు వస్తే కథ కొంచెం చిక్కుపడుతుంది. గ్రాండ్ రాపిడ్స్‌కు పంతొమ్మిదో శతాబ్దం నుంచీ ఫర్నిచర్ నగరమని పేరు. స్టీల్‌కేస్ అక్కడిది. హావర్త్ పక్కనున్న హాలండ్‌లో, హెర్మన్ మిల్లర్ జీలాండ్ అనే చిన్న పట్నంలో ఉన్నాయి. డేవిడ్ కెండాల్ అనే ఫర్నిచర్ డిజైనర్ జ్ఞాపకార్థం గ్రాండ్ రాపిడ్స్‌లో 1928లో మొదలైన డిజైన్ కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. కానీ హెర్మన్ మిల్లర్‌కు ప్రపంచఖ్యాతి తెచ్చినవాళ్లెవరు? 1930లో న్యూయార్క్ నుంచి వచ్చిన గిల్బర్ట్ రోడీ, తర్వాత అదే న్యూయార్క్‌లో ఆఫీసున్న జార్జ్ నెల్సన్, కాలిఫోర్నియాలో ఉండి పనిచేసిన చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు. ఆ కంపెనీ గుర్తైన ఎర్ర ‘ఎం’ అక్షరం కూడా నెల్సన్ ఆఫీసులో ఇర్వింగ్ హార్పర్ గీసిందే. పేరు బయటివాళ్లది, చెమట ఊరివాళ్లది అని ఎవరైనా నొచ్చుకుంటే నేను కాదనలేను.

మిల్వాకీలో అలా జరగలేదు. బ్రూక్స్ స్టీవెన్స్ కార్నెల్‌లో చదివి సొంత ఊరికే తిరిగొచ్చి, 1930లలో ఆఫీసు తెరిచి, చుట్టూ ఉన్న ఫ్యాక్టరీలకు జీవితమంతా పనిచేశాడు. హార్లీ-డేవిడ్‌సన్ మోటారుసైకిల్, బట్టలారబెట్టే యంత్రానికి లోపల గుడ్డలు తిరగడం కనిపించే గాజు తలుపు, ఇలాంటివన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. అమెరికా పారిశ్రామిక డిజైనర్ల సంఘాన్ని 1944లో స్థాపించినవాళ్లలో ఆయన ఒకడు.

అయితే ఈ ఊళ్లను గుడ్డిగా నమ్మమని నేను చెప్పను. ఒకే పెద్ద ఇంటి నీడన బతికే పనికి ఆ ఇల్లు కూలితే నీడే ఉండదు. స్టార్ వార్స్ బొమ్మలు తయారు చేసిన కెన్నర్ కంపెనీ సిన్సినాటిదే. 1977 క్రిస్మస్‌కు బొమ్మలు సిద్ధం కాక, తర్వాత పంపుతామని హామీపత్రం పెట్టిన అట్టపెట్టెను అమ్మితే జనం అదీ కొన్నారు. అంతటి కంపెనీ చేతులు మారి మారి 1991లో మరో బొమ్మల కంపెనీ హాస్‌బ్రో చేతికి చేరింది, 2000లో సిన్సినాటి ఆఫీసు మూతపడింది. డి మోయిన్‌లో 1902 నుంచి పత్రికలు నడిపిన మెరెడిత్‌ను 2021లో ఆన్‌లైన్ ప్రచురణ సంస్థ డాట్‌డ్యాష్ కొంది. మరుసటి ఫిబ్రవరిలో ఆరు పత్రికల ముద్రణ ఆపేసి, దాదాపు 200 ఉద్యోగాలు తీసేసింది.

అందుకే పని వెతికేవాళ్లు ఊళ్లోని పెద్ద కంపెనీతోపాటు దానికి పనిచేసిపెట్టే చిన్న సంస్థలను కూడా పట్టుకోవాలి. ముద్రణాలయాలు, షోరూమ్ సామగ్రి చేసేవాళ్లు, ఆసుపత్రులు, బీమా కంపెనీలు, వీధి చివర సొంత బీరు కాచే దుకాణం, వీటన్నిటికీ బొమ్మ కావాలి, అక్షరం కావాలి. పోర్ట్‌ఫోలియోలో పది ఊహా పోస్టర్లకు బదులు ఒక్క అట్టపెట్టెను ఎక్కడ కోసి ఎక్కడ మడవాలో గీసిన నమూనాతో సహా చూపిస్తే ఇక్కడి యజమాని కుర్చీ ముందుకు జరుపుకుంటాడు.

మన తెలుగు పిల్లలు ఇప్పుడు కంప్యూటర్ చదువుతో ఆగకుండా డిజైన్ కోసమూ ఈ రాష్ట్రాలకు వెళ్తున్నారు. వాళ్ల తల్లిదండ్రులకు ఒక మాట చెప్పాలి. గ్రాఫిక్ డిజైన్ అమెరికా ప్రభుత్వపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) చదువుల జాబితాలో లేదు. కాబట్టి చదువయ్యాక పనిచేయడానికి 12 నెలలే ఉంటాయి, స్టెమ్ వాళ్లకు దొరికే అదనపు 24 నెలలు ఉండవు. ఆ 12 నెలల్లో పని లేకుండా గడిపే రోజులు మొత్తం 90 దాటకూడదు. పైగా చదువుకుంటూ పూర్తికాలపు శిక్షణ ఉద్యోగం 12 నెలలు చేస్తే, చదువయ్యాక వచ్చే ఆ ఏడాది పూర్తిగా పోతుంది. కో-ఆప్ ఎంత మంచిదైనా మన పిల్లలు నెలలు లెక్కపెట్టుకుంటూ చేయాలి. సీటు ఖాయం చేసుకునే ముందే ఈ లెక్క కళాశాలలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో కూర్చుని వేయించుకోవాలి.

కంపెనీలను కూడా అడగాల్సింది ఉంది. 1960లలో హాల్‌మార్క్ జర్మనీ నుంచి హెర్మన్ జాప్ఫ్ అనే అక్షరశిల్పిని రప్పించింది. ఆయన కొత్త అక్షరాలు గీసివ్వడంతో ఆగలేదు, కంపెనీలోని అక్షరకారులకు పాఠాలూ చెప్పాడు. ఈ రోజు చాలా ప్రకటనలు మొదటి ఉద్యోగానికే మూడేళ్ల అనుభవం అడుగుతున్నాయి. ఆ మూడేళ్లు నేర్పే బాధ్యత ఎవరిదో మాత్రం చెప్పవు. 2025 ఆగస్టులో అయోవాకు చెందిన ఫర్నిచర్ కంపెనీ హెచ్ఎన్ఐ స్టీల్‌కేస్‌ను కొంటున్నట్టు ప్రకటించినప్పుడు, ప్రధాన కార్యాలయం గ్రాండ్ రాపిడ్స్‌లోనే ఉంటుందా అన్నది ఊరివాళ్ల మొదటి ఆందోళన. అది న్యాయమే. దాంతోపాటు వచ్చే ఏడాది డిజైన్ శాఖలో కో-ఆప్ విద్యార్థులకు ఎన్ని బల్లలు వేస్తారో, చదువు ముగించి వచ్చినవాళ్లను ఎంతమందిని తీసుకుంటారో కూడా ఆ ఊరు అడగాలి. జవాబు అంకెల్లో రాబట్టాలి.