నష్టాల హోటలు, నవ్వుల పంట

పోయిన నెల చీటీల గురించి రాస్తే, కృష్ణగిరి నుంచి ఒకక్క అడిగింది: "ఎప్పుడూ అప్పుల మాటేనా? ఒక్కసారి నవ్వే మాట రాయకూడదా?" అని. అప్పుల మీదే నవ్వించిన మనిషి ఒకాయన ఉండాడక్కా. ఈ నెల ఆయన ముచ్చటే.

పేరు గుణ్ణం గంగరాజు. పేరు చెప్తే శానామందికి తెలియకపోవచ్చు. 'అమృతం' అంటే మాత్రం గుర్తుకొస్తుంది. 2001 నవంబరు 18న జెమిని టీవీలో మొదలై, 2007 నవంబరు దాకా ఆదివారం రాత్రుల్లో వచ్చింది. 300కు పైన భాగాలు. దాన్ని పుట్టించింది, రాసింది, నిర్మించింది ఆయనే.

కథ ఏముంది? అమృతరావు, ఆంజనేయులు ఇద్దరు స్నేహితులు. 'అమృత విలాస్' అని హోటలు పెట్టినారు. వంట సర్వం చేతిలో, బాడుగ కోసం ఇంటి ఓనరు అప్పాజీ తలుపు దగ్గర. బాగుపడాలని వారానికొక ఉపాయం, వారానికొక దెబ్బ. 2014లో 'చందమామలో అమృతం' సినిమా తీసి, ఆ హోటలును చంద్రుడి మీదికే ఎక్కించినాడు గంగరాజు.

చేదులోంచి నవ్వు తీయడం ఆయనకు ముందునుంచీ ఉన్న విద్యే. 1996లో ఆయన తీసిన 'లిటిల్ సోల్జర్స్' చూడండి. అమ్మానాయనలను పోగొట్టుకున్న ఇద్దరు పిల్లలు, వాళ్ల ప్రాణం తీయజూసే దుర్మార్గులు. వింటే ఏడుపు కథ. చూస్తే పిల్లలతో కలిసి మనమూ నవ్వుతాము. భయం భయంగానే ఉంటుంది, నవ్వు నవ్వుగానే ఉంటుంది.

'అమృతం'లో నాకు నచ్చింది ఇంకొకటుంది. అక్కడ నవ్వేది లేమిని చూసి కాదు. ఊరికే డబ్బు రావాలనే ఆశను చూసి, లేని గొప్ప చెప్పుకొనే నోటిని చూసి, ఇంట్లో తెలియకుండా చేసే గుట్టు పనిని చూసి. గుట్టు పనులు చివరికి పెళ్లాల ముందరే బయటపడతాయి.

అమృతం వేషానికి శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ అని మనుషులు మారినారు. షిఫ్టు మారినా మిషను ఆగనట్ల, కథ ఆగలేదు. అంజిగా నవ్వించిన గుండు హనుమంతరావు 2018 ఫిబ్రవరిలో పోయినాడు. 2020 ఉగాదికి, మార్చి 25న, 'అమృతం ద్వితీయం' జీ5లో వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. మిల్లు మూతబడి, కూలి లేక, బాడుగకు ఏం చెప్పాలో తెలియని రోజులు. అప్పాజీ మన తలుపు దగ్గరికీ వచ్చినాడు.

మన ఇండ్లలో అప్పు చేసిన సంగతి ఎందుకు దాస్తాము? నవ్వుతారని. వడ్డీ పెరిగినంక, జీతం చేతికి రాకముందే పోతా ఉంటే, అప్పుడు పడుతుంది ఇంట్లో రచ్చ. మొదటి నెలే చెప్పుంటే ఇంటి ఆమె రెండు మాటలని, ఇంగొక దారి చూసుండేది. ఆంజనేయులు లేకుండా అమృతరావు ఒక్కడే మునిగుంటే అది ఏడుపు కథే అయ్యుండేది. పక్కన "ఏం చేద్దామురా" అనను ఒక మనిషి ఉన్నందుకే అది నవ్వు కథ అయింది.

మీ ఇంట్లో మునిగిన వ్యాపారం, బెడిసికొట్టిన ఉపాయం ఏదన్నా ఉంటే రాసి పంపండి. పేరు వేయము. నవ్వి, మర్యాదగానే వేస్తాము.