చెవులు అత్తమ్మవి, ఫోన్ ఎవరిది?

వినికిడి మిషన్‌ని ఫోన్‌కి కలపడం ఐదు నిమిషాల పని. ఎవరి ఫోన్‌కి అన్నదే అసలు సంగతి. మిషన్ ఎవరి చెవిలో ఉంటుందో ముందు వాళ్ల ఫోన్‌కే కలపాలంటాను నేను. వాళ్లకు ఫోన్ లేకపోతే మిషన్ ఖర్చులోనే ఫోన్ ఖర్చు కూడా లెక్క వేసుకోవాలి.

మా రుద్రూర్‌లో చాలా ఇండ్లల్లో పెద్దావిడకు సొంత ఫోన్ ఉండదు. ఉన్నా బటన్ల ఫోనే. మా అత్తమ్మకు మిషన్లు తీసుకున్న రోజు దుకాణంలో పిల్లగాడు "సార్, మీ ఫోన్ ఇవ్వండి" అని మా ఆయన ఫోన్‌కి కలిపి పంపించాడు. ఇగ చూడండి! యూరియా సంగతి అడగడానికి ఎవరో మా ఆయనకు ఫోన్ చేస్తే అత్తమ్మ చెవుల్లో గంట. ఆయన చెరకు చేనుకు పోతే కనెక్షనూ ఆయన వెంటే పాయె. బ్లూటూత్ అందేది సుమారు పది మీటర్లేనాయె. మస్కట్‌లో ఉన్న మా ఆడపడుచు అమ్మతో మాట్లాడాలంటే అన్న ఇంట్లో ఉండే వేళ చూసుకొని చేయాలి. అన్న పక్కనే కూర్చుంటే కష్టం సుఖం ఏం చెప్పుకుంటుంది?

"రెండు మూడు ఫోన్లకు కలపవచ్చు కదా" అంటారు. కలపవచ్చు. కానీ గుర్తు పెట్టుకోవడం వేరు, ఒకేసారి కలిసి ఉండడం వేరు. ఏడెనిమిదింటిని గుర్తు పెట్టుకునే మిషన్లు కూడా ఒకేసారి మామూలుగా రెండింటితోనే కలిసి ఉంటాయి. చెవిలో వినబడేది అందులో ఒక్కటే. ఉన్న ఆ రెండు చోట్లలో ఒకటి ఆమె ఫోన్‌కి, ఇంకొకటి టీవీకి ఇవ్వండి. టీవీకి చాలావరకు వేరే చిన్న డబ్బా కొనాల్సి వస్తుంది. అది పెట్టుకుంటే సీరియల్ సౌండు వీధి చివరిదాకా పోదు, పిల్లల చదువూ చెడదు.

కొనేముందు ఆమె ఫోన్‌ని దుకాణానికి పట్టుకెళ్లి అక్కడే కలిపి చూడండి. ఐఫోన్‌తో నేరుగా కలిసే మిషన్లు 2014లో వచ్చాయి. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ 2018లో దారి వేసింది, అయినా అన్ని ఫోన్లకూ కుదరదు. 2020లో ప్రకటించిన ఎల్ఈ ఆడియో పద్ధతి ఇప్పుడిప్పుడే కొత్త ఫోన్లలో వస్తున్నది. బటన్ల ఫోన్‌లో బ్లూటూత్ ఉంటే దానితో కలిసే మిషన్లు కూడా కొన్ని ఉన్నాయి. చెవి పరీక్షకు హైదరాబాద్ దాకా పోగలిగితే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది.

ఇంకొక మాట. ఫోన్, టీవీ మోగేటప్పుడు కొన్ని మిషన్లు చుట్టూ ఉన్న చప్పుళ్లను తగ్గించేస్తాయి. కుక్కర్ విజిల్, వాకిట్లో పిలుపు వినబడేటట్టు యాప్‌లో సరిచేయించండి. ఆ యాప్ కూడా ఆమె ఫోన్‌లోనే ఉండాలి. ఆమె చెవిలో సౌండు పెంచడం తగ్గించడం మనుమడి చేతిలో ఎందుకు?

"ముసలామెకు స్మార్ట్‌ఫోన్ ఏం తెలుస్తది" అంటారా? పచ్చ బటన్ నొక్కడం వస్తే చాలు. మా అత్తమ్మకు వారంలో వచ్చింది. ఇప్పుడు తల్లీబిడ్డలు గంటలు గంటలు మాట్లాడుకుంటున్నారు. అందులో నా మీద చాడీలు కూడా ఉంటాయేమో! ఉండనీయండి.