ఫుకెట్ తీరాన రెండు పడవలు

థాయిలాండు దక్షిణాన అండమాను సముద్రంలో ఉన్న ఫుకెట్ ద్వీపానికి వెళ్ళివచ్చిన మనవాళ్ళు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. మొదటిది ఇసుకతీరాల సౌందర్యం. రెండవది, "అక్కడ పండుగలేమిటండీ, అంతా యాత్రికుల కోసం పెట్టిన తమాషా!" అన్న ఈసడింపు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండవదానితో ఉంది. ఆ పేచీ ఏమిటో విన్నవించుకోవడానికే ఈ నాలుగు మాటలు.

అక్కడి హోటళ్ళవారు యాత్రికులకు చూపే పట్టికలో ఏప్రిల్‌లో సొంగ్‌క్రాన్, అక్టోబరు ప్రాంతంలో శాకాహార పండుగ, నవంబరులో లోయ్ క్రథోంగ్, ఆ దరిదాపుల్లోనే ట్రయథ్లాన్, డిసెంబరులో తెరచాప పడవల పందెం వరుసగా కనిపిస్తాయి. దైవకార్యాన్నీ ఆటల పోటీనీ ఒకే గాటన కట్టారేమని నావంటి ఛాందసుడికి చిరాకు కలగవలసిందే. కానీ కలగలేదు. ఆ పట్టికను అచ్చు వేసినది వ్యాపారమైనా, రాసినది మాత్రం గాలి. మే నుంచి అక్టోబరు దాకా నైఋతి పవనాలు ఫుకెట్ పడమటి తీరాన్ని మోదుతాయి. ఈతకు దిగవద్దని ఎర్రజెండాలు పాతుతారు. అప్పుడు అలలమీద పలక వేసుకుని జారే ఆటగాళ్ళదే రాజ్యం. ఈశాన్య పవనాలు తిరిగాక సముద్రం నెమ్మదిస్తుంది, గాలి నిలకడగా వీస్తుంది. కింగ్స్ కప్ తెరచాప పందెం డిసెంబరులో జరగడానికి రాజుగారి పుట్టినరోజు ఒక కారణమైతే, ఈ గాలి మరొక కారణం. భూమిబల్ మహారాజు అరవయ్యవ జన్మదినం సందర్భంగా 1987లో ఆ పందెం మొదలైంది. ఆయన స్వయంగా నావికుడు. 1967లో ఆగ్నేయాసియా ద్వీపకల్ప క్రీడలలో తెరచాప పందెంలో కుమార్తెతో కలిసి స్వర్ణపతకం గెలిచాడు.

పండుగల సంగతికి వద్దాం. సొంగ్‌క్రాన్ అన్న మాట వినగానే తెలుగువాడి చెవి నిక్కబొడుచుకోవాలి. అది మన సంక్రాంతి శబ్దమే. మనకు మకర సంక్రమణం పెద్ద పండుగ అయితే వారికి మేష సంక్రమణం సంవత్సరాది. పెద్దల చేతులమీద సుగంధజలం పోసి ఆశీస్సులు అందుకోవడం, బుద్ధ ప్రతిమలకు అభిషేకం చేయడం దాని అసలు రూపం. తీరపు వీధులలో అది నీటి తుపాకుల యుద్ధంగా మారిందన్నది నిజమే. అయితే ఉదయం గుడిలో ప్రతిమకు నీరు పోసినవాడే మధ్యాహ్నం వీధిలో బొమ్మ తుపాకి పడుతున్నాడు. మన హోలీ, మన భోగిమంటలు మాత్రం అల్లరి లేకుండా ఉన్నాయా?

శాకాహార పండుగ ఇంకా గట్టి సాక్ష్యం. తగరపు గనులలో పనికి వచ్చిన చైనా కూలీలు కాథూ అనే ఊళ్ళో స్థిరపడ్డారు. 1825లో అక్కడికి వచ్చిన ఒక నాటక బృందం జ్వరాల పాలై, తొమ్మిదిమంది దేవతల వ్రతం మరచినందుకే ఇలా అయిందని తలచి, మాంసం మాని, పూజలు చేసి కోలుకున్నదని స్థానిక కథనం. చైనావారి తొమ్మిదవ నెల పాడ్యమి నుంచి తొమ్మిది రోజులు ఆ వ్రతం. తెల్లబట్టలు, బ్రహ్మచర్యం. మాంసమూ మద్యమే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. 2023లో అది అక్టోబరు 15 నుంచి 23 వరకు, సరిగ్గా మన శరన్నవరాత్రులతో కలిసి వచ్చింది. ఆ రోజుల్లోనే మా అమ్మాయి, అల్లుడు మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్ళారు. పసుపుపచ్చ జెండామీద ఎర్ర అక్షరం కనిపించిన ప్రతి బండి దగ్గరా నిశ్చింతగా భోంచేయవచ్చు. నవరాత్రులలో ఉల్లి ముట్టని మా ఇంటావిడకు అంతకన్నా ఏం కావాలి? (2025లో మాత్రం వారికి అధికమాసం వచ్చి, మనకు రాక, ఆ పండుగ మన నవరాత్రుల తరువాత సుమారు నెలకు, అక్టోబరు 21న మొదలైంది. మనకు అధిక జ్యేష్ఠం 2026లో.)

దేవత పూనినవారు చెక్కిళ్ళలో శూలాలు గుచ్చుకుని ఊరేగుతుంటే యాత్రికులు కెమెరాలు ఎత్తుతారు. అది నిజమే. కానీ పక్కన చేతులు జోడించి నిలబడ్డ ముసలమ్మ కెమెరాకోసం నిలబడలేదు. తొమ్మిది రోజుల నియమం ఆమెది. చూడవచ్చినవాడు వెళ్ళిపోయినా ఆ వ్రతం ఆగదు. అందుచేత యాత్రికుడు పండుగను చంపుతాడన్న వాదాన్ని నేను ఒప్పుకోను. నియమం పట్టేవారున్నంతకాలం పండుగ చావదు.

మరి దేనివల్ల చస్తుంది? కాలుమోపే చోటు పోతే చస్తుంది. నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే.

ఫుకెట్‌లో రావాయ్ తీరాన, సిరే తీరాన ఉరక్ లవోయి అనే సముద్రజనం ఉన్నారు. థాయి భాషలో వారిని చావో లే అంటారు. చేపలవేట వారి వృత్తి. వారి పండుగ పేరు లోయ్ రువా. లోయ్ అంటే తేలవిడవడం, రువా అంటే పడవ. ఏటా రెండుసార్లు, థాయి లెక్కలో ఆరవ నెల పున్నమికి, పదకొండవ నెల పున్నమికి జరుపుతారు. అంటే దాదాపు మన వైశాఖ పూర్ణిమ, ఆశ్వయుజ పూర్ణిమ. ఒకటి నైఋతి రాకకు, రెండవది పోకకు గుర్తు. కొయ్యతో చిన్న పడవ చేసి, అందులో కొయ్యబొమ్మలు, తమ గోళ్ళు, వెంట్రుకలు, కొంత బియ్యం పెట్టి, రాత్రంతా డప్పులతో ఆడిపాడి, కీడంతా మోసుకుపొమ్మని సముద్రంలో వదులుతారు. పందెపు పడవ ఏ గాలికోసం ఎదురుచూస్తుందో ఈ పడవా ఆ గాలి లెక్కమీదనే నడుస్తుంది.

కాని రెండు పడవలకూ తీరం ఒకేలా దక్కడం లేదు. తరతరాలుగా ఉన్నచోట వారికి పత్రాలు లేవు. పత్రాలున్నవారు తరువాత వచ్చారు. 2016 జనవరిలో రావాయ్‌లో సముద్రానికీ పూజాస్థలానికీ వెళ్ళే దారి మూసివేతపై ఘర్షణ జరిగి గ్రామస్థులు గాయపడ్డారు. భూమిబల్ మహారాజు 1959లో ఆ ఊరు వచ్చి ఈ జనాన్ని పలకరించాడు. ఖాళీ చేయించాలని వేసిన ఒక కేసులో 2017లో అక్కడి న్యాయస్థానం వీరి పక్షాన తీర్పు చెప్పినప్పుడు, వీరు ముందునుంచీ ఉన్నారనడానికి ఆ రాజసందర్శన కూడా సాక్ష్యాలలో ఒకటైంది. ఏ రాజు పేర పడవల పందెం జరుగుతున్నదో ఆయన రాకే వీరికి పత్రం లేని లోటు తీర్చవలసి వచ్చింది!

"పర్యాటకం లేకపోతే వీళ్ళకు తిండెక్కడిది?" అని అడుగుతారు. సమంజసమైన ప్రశ్నే. రావాయ్‌లో వారు పట్టిన చేపలు కొనేవారిలో యాత్రికులూ ఉన్నారు. హోటళ్ళు కూల్చమని నేను అనడం లేదు. పాత తగరపు గనుల గోతులను సరస్సులుగా మార్చి హోటళ్ళు కట్టిన బాంగ్ తావో తీరంలో 1994 నుంచి ట్రయథ్లాన్ జరుగుతున్నది. పాడుపడ్డ నేల బాగుపడింది, సంతోషం. కానీ సముద్రజనం నేల పాడుపడ్డది కాదు. వారి బతుకుతెరువును, సంస్కృతిని కాపాడాలని థాయి మంత్రివర్గం 2010 జూన్‌లో తీర్మానించింది. తీర్మానానికి అర్థం ఉండాలంటే ముందు కావలసింది పడవ ఒడ్డుకు లాగే చోటు, గుడికి నడిచే దారి. పట్టికలో పండుగ తేదీ వేసి, పండుగకు వెళ్ళే దారి మూయడం దొంగ మర్యాద.

ఇంకొక్క మాట. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, ఫుకెట్‌కు ఉత్తరాన సురిన్ దీవులలోని మోకెన్ అనే మరొక సముద్రజనం, నీరు వెనక్కి తీయడం చూసి, పెద్దలు చెప్పిన కథలు తలచుకుని మెట్టకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అదే రోజు అదే ఉప్పెన మన కోస్తా తీరాన్నీ తాకింది. సముద్రం మాట తెలిసినవారిని సముద్రానికి దూరం చేయడం ఎవరికి మేలు?

మనవాళ్ళు ఇప్పుడు ఫుకెట్‌కు తరచుగా వెళుతున్నారు. వైశాఖ పున్నమికో ఆశ్వయుజ పున్నమికో వెళ్ళడం తటస్థిస్తే రావాయ్ వైపు వెళ్ళండి. అనుమతి అడిగి, దూరంగా నిలబడి చూడండి. చేపలు తినేవారైతే వారి దగ్గరే కొనండి. మావంటి శాకాహారులు చూసివచ్చి నలుగురికీ చెప్పినా చాలు. నా వాదంలో లోపం కనబడితే నిర్మొహమాటంగా రాయండి. బడి వదిలి ఏళ్ళయింది కనుక ఎదురు ప్రశ్నకు ఇప్పుడు బెత్తం పట్టుకోను.