గాజుపోగును ఎందులో ముంచారు?

2007 మేలో హ్యూస్టన్‌లో జేమ్స్ వాట్సన్‌కు ఆయన సొంత జన్యుక్రమాన్ని అందజేశారు. 1953లో క్రిక్‌తో కలిసి డీఎన్ఏ ఆకారాన్ని చెప్పిన మనిషే, మతిమరుపు జబ్బుతో ముడిపడిన అపోఈ జన్యువు సంగతి మాత్రం తనకు చెప్పొద్దన్నారు. చాలామందికి ఆ ముచ్చటే గుర్తు. నా ఆసక్తి ఆ క్రమాన్ని చదివిన పలక మీద.

454 అనే సంస్థ తయారుచేసిన ఆ పలక, అతికించిన ఆప్టికల్ ఫైబర్ కట్టను అడ్డంగా కోసిన బిళ్ల. యాసిడ్‌తో పోగుల కొసలను తొలిస్తే దాని మీద దాదాపు 16 లక్షల గుంటలు ఏర్పడతాయి. గుంటలో డీఎన్ఏ అంటిన పూస ఉంటుంది. డీఎన్ఏ పోగుకు కొత్త అక్షరం చేరినప్పుడల్లా మిణుగురు పురుగు ఎంజైము మెరుస్తుంది, ఆ మెరుపు కింది గాజులోంచి కెమెరాకు చేరుతుంది. అంతకుముందే, 1996లో, అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ వాల్ట్ బృందం ఫైబర్ కట్ట కొసల మీద డీఎన్ఏను గుర్తించి చూపింది. వాల్ట్ పరిశోధనే 1998లో పుట్టిన ఇల్యూమినాకు పునాది.

ఈ విజయాలన్నిటిలో గాజు చేసింది కూలి పనే, వెలుతురు మోయడం.

పరిశోధనశాలల ప్రకటనల్లో తరచూ కనిపించే కల వేరు. అక్కడ గాజే డీఎన్ఏను పసిగట్టాలి. ఫైబర్‌లో పోయే కాంతి మొత్తం లోపలే ఉండదు, గాజు అంచు దాటి కొన్ని వందల నానోమీటర్ల మేర బయటికి తొంగిచూస్తుంది. ఒకచోట ఫైబర్‌ను సన్నగా చేసి, అక్కడ ఒంటిపోగు డీఎన్ఏను అతికిస్తారు. దానికి జోడైన పోగు, క్షయ బాక్టీరియాదే అనుకోండి, ద్రవంలో ఉంటే వచ్చి అల్లుకుంటుంది. వక్రీభవన గుణకం రవ్వంత మారుతుంది, ఆ తేడా కాంతిలో తెలుస్తుంది. రంగులు కలపనక్కర్లేదు. మన ఐఐటీ బాంబే, ఐఐటీ మద్రాసుల్లోనూ యు ఆకారంలో వంచిన ఫైబర్లతో సెన్సర్ల మీద గట్టి పని జరిగింది. ఆలోచన అందమైనదే, నాకు అందులో అనుమానం లేదు.

అనుమానమల్లా ముంచిన ద్రవం మీద. శుభ్రమైన ఉప్పునీటిలో తయారుచేసిన డీఎన్ఏ వేసి ముంచితే ఫైబర్ చక్కగా పలుకుతుంది. రోగి కళ్లెలో ముంచితే? ప్రొటీన్లు వచ్చి గాజుకు అతుక్కుంటాయి. వాటికీ వక్రీభవన గుణకం మారుతుంది, అతుక్కున్నది ఎవరో గాజుకు తెలియదు. గ్రేటింగ్ (సన్నని గీతల వరుస) చెక్కిన ఫైబర్లలో వేడి ఒక్క డిగ్రీ పెరిగినా తరంగదైర్ఘ్యం సుమారు 10 పికోమీటర్లు జరుగుతుంది, దాన్ని విడిగా లెక్కగట్టి తీసేయాలి. గాజుపోగు కారుచౌకే కానీ, ఇంత చిన్న తేడాను చదివే పరికరం చౌక కాదు.

అసలు చిక్కు మోతాదు. రోగి నమూనాలో సూక్ష్మక్రిమి డీఎన్ఏ అతి కొద్దిగా ఉండవచ్చు. పీసీఆర్ ప్రతి విడతా దాన్ని రెట్టింపు చేస్తూ 30 విడతల్లో, లెక్క ప్రకారం, ఒక్క పోగును 107 కోట్లు చేస్తుంది. ఫైబర్‌కు ఆ ఉపాయం లేదు. ముందు పీసీఆర్ చేసి ఆ తర్వాత ఫైబర్ ముంచామని రాసే పత్రాలను చూస్తే నాకు నవ్వొస్తుంది. పీసీఆర్ యంత్రం ఎలాగూ ఉంటే ఫలితం అదే చెబుతుంది కదా!

పైగా పోటీ కూడా ఊరుకోలేదు. గోవా సంస్థ తయారుచేసిన ట్రూనాట్ అనే పీసీఆర్ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బల్ల మీద ఇమిడిపోతుంది. క్షయ పరీక్షకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దాన్ని సిఫారసు చేసింది. ఫైబర్ సెన్సర్ గెలవాల్సింది దాని మీద, అదీ కళ్లెతో, నర్సు చేతుల్లో. ఆ పోలికకు డబ్బిచ్చే దాతలు తక్కువ, ఉప్పునీటి పత్రానికి ఎక్కువ. నేను నిధుల సంఘంలో ఉంటే మొదటి కిస్తీ ఆ పోలికకే ఇస్తాను.