సైబరాబాద్ ఆపద మోసింది మా ఊళ్లే

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఎంటర్‌ప్రైజెస్ అసోసియేషన్, అంటే హైసియా, అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,

నేను మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తాను. కరోనా కాలమంతా సూర్యాపేట జిల్లాలోని సొంతూళ్లో ఉండి పనిచేశాను. ఆ తర్వాత అందరినీ మళ్లీ ఆఫీసులకు పిలిచారు, మంచిదే. కానీ ఆ రెండేళ్ల లెక్కలో పల్లెకు రావాల్సిన బాకీ ఒకటి మిగిలిపోయింది. అది అడగడానికే ఈ లేఖ.

2020 మార్చి 22 సాయంత్రం రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. రెండు మూడు రోజుల్లోనే అమీర్‌పేట, మాదాపూర్‌లలో చాలా హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. ఊళ్లకు పోయే పాసుల కోసం హాస్టళ్ల పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. బైకుల మీద, కార్లలో బయల్దేరిన ఆంధ్రవాళ్లను 25న సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. ఎవరినీ ఖాళీ చేయించొద్దని ప్రభుత్వం హాస్టళ్లకు గట్టిగా చెప్పేసరికే వేలమంది రోడ్డెక్కారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది. అందులో 1,200 మంది దాకా వలస కూలీలు. కోడ్ రాసేవాళ్లయినా, కాంక్రీటు పోసేవాళ్లయినా చివరికి చేరింది పల్లెకే.

పల్లె మొదట భయపడింది. పొలిమేరల్లో ముళ్లకంప అడ్డం వేశారు. “పట్నం నుంచి వచ్చినోళ్లు పద్నాలుగు రోజులు గడప దాటొద్దు” అని డప్పు కొట్టి చాటింపు వేశారు. ఆ తర్వాత కడుపులో పెట్టుకుంది. మా అమ్మ కల్లంలో వడ్లు ఎండబోస్తుంటే, నేను ఇంట్లో బియ్యం డ్రమ్ము మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని క్లయింట్‌తో మాట్లాడేవాణ్ని. సిగ్నల్ కోసం ఫోను డాబా పిట్టగోడ మీద ఉండేది. నా కాల్ ఉందంటే మా నాన్న మోటరు వేయడం కూడా ఆపేవాడు, వోల్టేజీ పడిపోతుందని. మీ ప్రాజెక్టులు ఆగకుండా నడిచాయంటే వెనక ఇదంతా ఉంది.

2021లో రెండో వేవ్ పల్లెల్నీ వదల్లేదు. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఇంటింటికీ తిరిగి జ్వరం సర్వే చేసి మందుల కిట్లు ఇచ్చారు. మందులైతే అందాయి కానీ, రోగి విడిగా పడుకోవడానికి గది ఏది? నల్లగొండ జిల్లాలో ఒక తండా కుర్రాడు ఇంట్లో చోటు లేక చెట్టు మీద వెదురు మంచె కట్టుకొని 11 రోజులు గడిపాడు. గచ్చిబౌలిలో మాత్రం అంతకు ఏడాది ముందే క్రీడా ప్రాంగణంలోని భవనాన్ని 1,500 పడకల టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. నగరానికి అది అవసరమే, కాదనను. ఊరికి రెండు గదులు కూడా అవసరమే అంటున్నాను.

డబ్బెక్కడిదంటారేమో. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. కరోనా పనులకు పెట్టే ఖర్చూ ఆ పద్దు కిందికే వస్తుందని కేంద్రం 2020 మార్చి 23నే చెప్పింది. కంపెనీ నడిచే చోటుకు, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ అంటుంది. మరి ఆ రెండేళ్లు మీ కంపెనీలు నడిచింది మాదాపూర్ అద్దాల మేడల్లోనా, మా డాబాల మీదనా?

అడుగుతున్నవి రెండే. ఒకటి, మీ ఉద్యోగులుండే హాస్టళ్లతో ముందే ఒప్పందం చేసుకోండి, ఆపద వేళ రాత్రికి రాత్రి ఎవరినీ బయటికి పంపకూడదని. రెండు, మీ సభ్య కంపెనీలన్నీ కలిసి, ఎక్కువమంది ఉద్యోగులు వచ్చిన ఊళ్లను ఎంచుకొని, పంచాయతీ స్థలంలో వేరే మరుగుదొడ్డితో రెండు గదులు కట్టించండి. మామూలు రోజుల్లో అవి ఇంటర్నెట్‌తో పిల్లల చదువుగదులుగా ఉంటాయి, రోగమొస్తే ఐసొలేషన్ గదులవుతాయి. ఆ గదులతోపాటే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆక్సిజన్ యంత్రాలు ఇవ్వండి. ఇచ్చి ఫొటో దిగి వదిలేయకుండా ఏటా మరమ్మతు ఖర్చు కూడా భరించండి.

మళ్లీ ఇలాంటిదే వస్తే మేం పోయేది ఊళ్లకే. ఈ రెండు విషయాలనూ మీ వచ్చే కార్యవర్గ సమావేశం ఎజెండాలో చేర్చి, ఏం నిర్ణయించారో బహిరంగంగానే చెప్పండి.

ఇట్లు,
మాదాపూర్‌లో పనిచేసే ఒక పల్లెటూరి ఉద్యోగి