నూటికి రెండుపాళ్ళ బంధుత్వము

వాట్‌ఫర్డ్ పట్టణమునుండి ఉత్తరముగా కొద్ది మైళ్ళు సాగి అబ్బట్స్ లాంగ్లీని దాటినచో బెడ్మండ్ అను చిన్న పల్లె తగులును. 1861లో ఆ పల్లె చెంత నేలపై పడియున్న చెకుముకిరాతి పనిముట్టు నొకదానిని జాన్ ఎవాన్స్ అను పెద్దమనిషి గుర్తించి చేతికి తీసికొనెను. ఆయన కాగితపు వ్యాపారి. మేనమామయగు జాన్ డికిన్‌సన్ మిల్లులలో పనికి కుదిరి, ఆ మేనమామ కూతురినే పెండ్లాడి, నాష్ మిల్స్‌నందు కాపురముండి, వాట్‌ఫర్డ్ అంచుననున్న క్రాక్స్‌లీ మిల్లు మొదలుకొని గేడ్ నది వెంబడి వెలసిన ఆ వ్యాపారమును వృద్ధికి తెచ్చిన దక్షుడు. అంతకు రెండేండ్లు ముందు ఆయనయు, జోసెఫ్ ప్రెస్ట్‌విచ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడును ఫ్రాన్సునకు పోయి, సోమ్ నదీలోయలోని కంకరపొరలలో అంతరించిన జంతువుల ఎముకలతో కలిసి దొరకుచున్న రాతి పనిముట్లను కన్నులార చూచి వచ్చి, సృష్టి జరిగి ఆరువేల ఏండ్లేయని నమ్ముచుండిన ఆంగ్లసమాజమునకు ఆ లెక్క చాలదని నిండుసభలో విన్నవించిరి.

ప్రాచీనకాలమున ఐరోపాలో సంచరించిన మనుష్యులెవ్వరను ప్రశ్నకు సమాధానము అప్పటికే పెట్టెలలో మూలుగుచుండెను. 1848లో జిబ్రాల్టరులోని ఫోర్బ్స్ రాతిగనియందు ఒక పుర్రె దొరకగా దాని నెవ్వరును లక్ష్యపెట్టలేదు. 1856లో జర్మనీలోని నియాండర్ లోయయందు సున్నపురాయి తవ్వు కూలీలకు మరియొక కపాలభాగమును కొన్ని ఎముకలును దొరికిన పిమ్మటనే పండితులు మేల్కొనిరి. మేల్కొని వారు చేసినదేమి? ఒక ఆచార్యుడు అవి నెపోలియనుపై దండెత్తి వచ్చి గుహలో ప్రాణము విడిచిన రష్యా కోసాక్కు రౌతువనెను. తొడయెముకల వంపునకు గుర్రపుస్వారీని, బాల్యమునాటి ఎముకల వ్యాధిని కారణములుగా చూపెను. విర్చో అంతటి వైద్యశిఖామణి అది రోగిష్ఠి కపాలమని తోసివేసెను. గాల్వే విశ్వవిద్యాలయమునందలి విలియం కింగ్ 1864లో దానికి హోమో నియాండర్తలెన్సిస్ అని ప్రత్యేకజాతిగా పేరిడుచునే, ఆ తలలో పశుత్వమునకు మించిన యోచన పుట్టియుండదని తీర్పు చెప్పెను. 1908లో ఫ్రాన్సునందు లా షపెల్ ఒ సాంట్ అనుచోట దొరికిన వృద్ధుని అస్థిపంజరమును పరిశీలించిన మార్సెలన్ బూల్, కీళ్ళవాతపు గుర్తులకు తగిన విలువ నీయక, మోకాళ్ళు వంచి తల ముందుకు వ్రేలవేసికొని నడచు పశుప్రాయుని చిత్రమును లోకమునకు అందించెను. నేటికిని మోటువానిని తిట్టదలచిన ఇంగ్లీషువాడు నియాండర్తల్ అనియే తిట్టును. ఎముకను చూచి గుణమును, వంశమును చూచి భవితవ్యమును నిర్ణయించు ఈ తొందర మనల నింకను విడువలేదన్నదే నా అభియోగము.

ఆ జిబ్రాల్టరు పుర్రె నేడు లండనులోని సౌత్ కెన్సింగ్టన్ ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలవారి యొద్ద నున్నది. పెద్దవై గుండ్రనివైన కనుగూళ్ళు, వానిపై చూరువలె ముందుకు వచ్చిన కనుబొమల ఎముక, వెనుకకు వాలిన నుదురు, విశాలమైన నాసారంధ్రము: ఇవి చూచినవాని కెవ్వనికైనను కొంత అపరిచితభావము కలుగుట సహజమే. 2019లో దానినుండి తీసిన డీఎన్ఏ అది ఒక స్త్రీదని తెలిపెను. కెంట్ మండలములోని స్వాన్స్‌కోంబ్‌నందు ఆల్వన్ మార్స్టన్ అను దంతవైద్యుడు 1935లో ఒకటి, మరుసటి యేట ఒకటిగా కనుగొన్న కపాలఖండములును, 1955లో మరియొకరికి దొరకి వానితో సరిగా అతికిన మూడవ ఖండమును మరింత ప్రాచీనములు. నాలుగు లక్షల ఏండ్లనాటి ఆ యువతి నియాండర్తలుల పూర్వశాఖకు చెందినదని నేటి నిర్ణయము. ఇక ఇరాకులోని షానిదార్ గుహలో దొరికిన పురుషుని చూడుడు. కుడిచేయి ఎండి మోచేతిపైననే అంతమైనది, ఎడమకన్ను చూపు పోయియుండును, కాలు కుంటిది. ఐనను అతడు ఆ గాయములు మానిన తరువాత ఏండ్ల తరబడి జీవించి, నలువదవ పడికి దగ్గరగా వచ్చి మరణించెను. వేటాడలేని వానికి ఎవరో అన్నము పెట్టిరి. బూల్ చిత్రించిన పశువులు ఇట్టి పని చేయునా?

మరి వారేల అంతరించిరి? సుమారు 40,000 ఏండ్ల క్రిందటితో వారి ఆనవాళ్ళు ముగియుచున్నవి. శీతోష్ణస్థితుల ఒడుదొడుకులని కొందరు, ఆఫ్రికానుండి వచ్చిన మన పూర్వుల పోటీయని కొందరు వాదింతురు. రెండింటను కొంత నిజము లేకపోలేదు. కాని ఎముకలనుండి తీసిన డీఎన్ఏ చెప్పుచున్న సంగతి నాకు వీనికంటె బలముగా తోచుచున్నది: వారు కొద్దిమంది, ఆ కొద్దిమందియు చిన్న చిన్న గుంపులై దూరదూరముగా నివసించిరి. సైబీరియాలోని ఆల్టాయి పర్వతములలో దొరికిన ఒక స్త్రీయొక్క తల్లిదండ్రులు, ఒక తండ్రికిగాని ఒక తల్లికిగాని పుట్టిన అన్నాచెల్లెండ్రంత, లేదా మేనమామ మేనకోడళ్ళంత దగ్గరి బంధువులు. (మేనమామకు పిల్లనిచ్చు ఆచారము గల మనము ఇందుకు ముక్కుమీద వేలువేసికొన నక్కరలేదు, మామ కూతురిని పెండ్లాడిన ఎవాన్స్‌గారును వేసికొనియుండరు.) ఫ్రాన్సులో రోన్ నదీలోయయందలి మాండ్రన్ గుహలో దొరికి తోరిన్ అను పేరు పొందిన వాని శాఖ, కొద్దిదినముల నడకదూరములో ఇతర నియాండర్తలులున్నను, సుమారు ఏబదివేల ఏండ్లపాటు పరులతో రక్తసంబంధము లేకయే గడపినదని 2024లో ప్రకటింపబడెను. ఏబదివేల ఏండ్లు! మన ఇతిహాసములన్నియు, రాజవంశములన్నియు అందులో పదవవంతునకు మించవు. అట్టి ఏకాంతమున చెడు జన్యువులు పోగుపడును, ఒక దుర్భిక్షమునకో రోగమునకో గుంపే తుడిచిపెట్టుకొనిపోవును.

నిలిచినది కలిసిన పాలు మాత్రమే. 2010లో లైప్‌జిగ్‌నందలి స్వాంటె పాబో బృందము క్రొయేషియా గుహయెముకలనుండి నియాండర్తల్ జన్యుపటమును కూర్చి, ఆఫ్రికా వెలుపలి జనులందరిలోను ఆ వారసత్వము కొంత కలదని నిరూపించెను (నేటి లెక్కకు అది నూటికి ఒకటి రెండుపాళ్ళు); అందులకు 2022లో పాబోకు నోబెల్ బహుమానము లభించెను. ఆ సమ్మేళనము ఇంచుమించు ఏబదివేల ఏండ్ల క్రిందట మొదలై ఏడువేల ఏండ్లపాటు సాగినదని ఇటీవలి గణన. 2025లో ప్రియా మూర్జానీ ప్రభృతులు 2,700కు పైగా భారతీయుల జన్యుపటములను పరిశీలించి, అందు చెదరియున్న తునకలను ఏర్చి కూర్చినచో నియాండర్తల్ జన్యుపటములో దాదాపు సగము మరల చేతికి వచ్చునని చూపిరి. ఒక్కొక్కనిలో ఉన్నది స్వల్పమే. కాని నాలో ఉన్న తునక నా పొరుగువానిలో లేదు, అతనిలోనిది నాలో లేదు.

మన దేశమున నియాండర్తల్ ఎముక మాత్రము ఒక్కటియు దొరకలేదు. ఎవాన్స్, ప్రెస్ట్‌విచ్‌ల కృషివలన ఉత్సాహము పొందిన భూగర్భశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863లో మద్రాసు చెంత పల్లావరమున పాతరాతియుగపు పనిముట్టును కనుగొనెను. అదే యేట నియాండర్ కపాలము మానవునిదేయని వ్రాసిన ఆంగ్ల జీవశాస్త్రజ్ఞుడు హక్స్‌లీ, కర్నూలు గుహలను వెదకింపుడని తరువాతికాలమున మద్రాసు గవర్నరునకు సూచింపగా, ఫూటును ఆయన కుమారుడును 1880లలో బేతంచెర్ల దాపుననున్న బిల్ల సర్గం గుహలను తవ్వించిరి. జంతువుల ఎముకలు విరివిగా దొరకెను. హక్స్‌లీ కోరిన కపాలము దొరకలేదు. అచటికి దూరముకాని జ్వాలాపురమున, 74,000 ఏండ్ల క్రిందట సుమత్రాలోని తోబా అగ్నిపర్వతము కురిపించిన బూడిదపొరకు క్రిందను పైనను రాతి పనిముట్లు దొరకుటను 2007లో పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ ప్రభృతులు వెల్లడించిరి; అవి ఎవరి చేతిపనియన్న వాదము నేటికిని తెగలేదు. మనలోని నియాండర్తల్ పాలు పశ్చిమాసియా ప్రాంతమున కలిసి, మన పూర్వుల వెంట నడచివచ్చినదని తలచుటయే సమంజసము.

ఇక ఈ వారసత్వమును చదువుటలో జరిగిన తాజా తొందర. 2020లో కోవిడ్ మహమ్మారి ఈ బ్రిటన్ దేశమును పీడించునప్పుడు మొదట మరణించిన పదిమంది వైద్యులును శ్వేతజాతీయులు కారు. దక్షిణాసియా కుటుంబములలో మరణములు మిక్కుటముగా నుండెను. ఆ సెప్టెంబరులో పాబోయు, హ్యూగో జెబర్గ్‌యు మూడవ క్రోమోజోముపైనున్న ఒక నియాండర్తల్ ఖండము వ్యాధిని తీవ్రతరము చేయుననియు, అది ఐరోపాలో నూటికి 16 మందిలో, దక్షిణాసియాలో సగము మందిలో కలదనియు ప్రకటించిరి. శాస్త్రవేత్తలు చెప్పినది అంతవరకే. కాని దానిని విన్నవారు చాలమంది, అదిగో దొరికెను కారణము, వారి రక్తములోనే యున్నదని ఊపిరి పీల్చుకొనిరి. ఇరుకు ఇండ్లు, టాక్సీలు, ఆసుపత్రి వార్డులు, సెలవు దొరకని జీతములు వెనుకకు పోయెను. మరుసటి యేట హైదరాబాదులోని తంగరాజ్, కాశీలోని జ్ఞానేశ్వర్ చౌబే ప్రభృతులు పరిశీలించి, ఐరోపావారిలో ప్రధానమైన ఆ ఖండమునకును దక్షిణాసియా జనులలో వ్యాధితీవ్రతకును సంబంధము కనబడలేదని వెల్లడించిరి. పన్నెండవ క్రోమోజోముపైనున్న మరియొక నియాండర్తల్ ఖండము అదే వ్యాధినుండి కాపాడునని పాబో, జెబర్గ్‌లే కనుగొనిరి. మొదటి వార్త విన్నవారిలో ఈ రెండును విన్నవా రెందరు?

ఆంగ్లేయులను మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు. వాట్‌ఫర్డ్, హ్యారో పరిసరములలోని మన తెలుగు ఇండ్లలో గొట్టములోనికి ఉమ్మి దానిని పరీక్షకు పంపి, తమలో నియాండర్తల్ పాలెంతయో స్నేహితులకు వినోదముగా చెప్పుకొనువారు కలరు. ఆ ఇంటివారే పిల్లలకు సంబంధము చూచునప్పుడు కులమే గాక శాఖను, ఉపశాఖను పట్టుబట్టి అడుగుదురు. నాలుగువేల మొదలు రెండువేల ఏండ్ల క్రిందటివరకు భారతజనులందరును విరివిగా సంకరమైరనియు, ఆ తరువాతనే గిరిగీసికొని కూర్చుండిరనియు హైదరాబాదు సీసీఎంబీ పరిశోధనాలయములోని తంగరాజ్, లాల్జీ సింగులు పాలుగొన్న పరిశోధన 2013లోనే తేల్చినది. అట్లు గిరిగీసికొనుటచే కొన్ని వర్గములలో అరుదైన వంశపారంపర్య వ్యాధులు పేరుకొనినవని కూడ ఆ పరిశోధకులే చెప్పిరి.

కావున, కుమారునికో కుమార్తెకో సంబంధము వెదకుచున్న తలిదండ్రులకు నా మనవి యొక్కటే: ప్రకటనపత్రములో శాఖ, ఉపశాఖ అనుచోట ఏమియు వ్రాయక విడిచిపెట్టుడు, ఎదుటివారి బిడ్డ యేమి చదివినదో, ఎట్టి స్వభావము గలదో, మీ బిడ్డను మెచ్చినదో లేదో అడుగుడు.